అక్క ఓడిపోయిన చలికాలం

పోయిన వారం మా అక్కని నరసరావుపేటలో ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాను. మోకాలి ఆపరేషన్ అయి నెల దాటింది. గురజాల నుంచి రోజూ కారులో తిరగడం కష్టమని మా ఇంట్లోనే ఉంచుకున్నాను. ఇది రెండో మోకాలు, మొదటిది పోయినేడే అయింది. అక్కడ వ్యాయామాలు చేయించే అమ్మాయి మా కూతురికంటే చిన్నది. గోడ పట్టుకుని ఒంటికాలి మీద నిలబడమని అది చెబుతుంది, అక్క నిలబడదు. "ముందు నువ్వు నిలబడి చూపియ్యి" అని ఆ అమ్మాయినే దబాయిస్తుంది. ఆ అమ్మాయి ఓపిగ్గా నవ్వి, "మేడమ్, ఒకసారి మీరు నిలబడండి. మిమ్మల్ని చూసైనా పెద్దమ్మగారికి ధైర్యం వస్తుంది" అని నన్ను పిలిచింది. చెప్పులు విప్పి, చీర కాస్త ఎత్తి పట్టుకుని, ఎడమకాలు మడిచి నిలబడ్డాను. ఆ అమ్మాయి ఒకసారి గడియారం వంక, ఒకసారి నా వంక చూసింది. నేను కదల్లేదు. "యోగా చేస్తారా మేడమ్?" అంది ఆశ్చర్యంగా. మంచం మీంచి మా అక్క అందుకుంది. "యోగా లేదు, పాడూ లేదమ్మా. అది మా ఇంట్లో తొక్కుడుబిళ్ళ చాంపియను" అంది, ఎంతో గర్వంగా. నేను కాలు దించేశాను.

చాంపియను అన్న మాటకి అంత మొహం మాడ్చుకోవడం ఎందుకని ఆ అమ్మాయి అనుకునే ఉంటుంది. దానికి తెలియదు కదా. అక్కకి తెలుసు, తెలిసే అంది. మా అక్కకి ఒక గుణం ఉంది. మానిన పుండు మీద చెయ్యి వేసి, మానిందా లేదా అని నొక్కి చూస్తుంది. మానలేదు. ఇంటికొచ్చే దారంతా నేను ఆటో బయటికే చూస్తూ కూర్చున్నాను.

మా ఆయన పోయింది నాలుగేళ్ళ కిందట, దీపావళి వెళ్ళిన కొత్తల్లో. ఎరువుల కొట్టు కట్టేసి ఇంటికొచ్చి, మంచినీళ్ళు అడిగి, నేను తెచ్చేలోగా వెళ్ళిపోయారు. బతికినన్నాళ్ళూ ఎవర్నీ తొందరపెట్టని మనిషి, ఈ ఒక్క విషయంలో ఎక్కడలేని తొందరా చూపించారు. కార్యక్రమాలన్నీ అయ్యాక మా వైపు పద్ధతి ప్రకారం పుట్టింటివాళ్ళు వచ్చి నన్ను నిద్రకి తీసుకెళ్ళాలి. అంటే భర్త పోయిన ఆడదాన్ని మూడు రాత్రులు తమ ఇంట్లో పడుకోబెట్టుకుని, చీర పెట్టి పంపుతారు. అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు, అన్నదమ్ములు లేరు. కాబట్టి నా పుట్టిల్లు కూడా అక్కే అయింది. గురజాల నుంచి కారేసుకొచ్చి, "సంచి సర్దు" అంది. కూతురు హైదరాబాదులో ఉద్యోగానికి వెళ్ళిపోయింది, ఇల్లు తాళం పెట్టాను. మూడు రాత్రులకని వెళ్ళినదాన్ని చలికాలమంతా ఉండిపోయాను. మూడో రోజున చీరైతే పెట్టింది గానీ, పంపడం మాత్రం మర్చిపోయినట్టు నటించింది. మా అక్కకి నటన బాగా వచ్చునని నాకు అప్పుడే తెలియాల్సింది.

వాళ్ళ ఇల్లు రోడ్డుకి కాస్త లోపలగా ఉంటుంది. బావకి నాపరాళ్ళ పాలిషింగు యూనిట్టు. రాయి అమ్మేవాడి ఇంట్లో మంచి రాయి ఎప్పుడూ ఉండదు. మూల విరిగినవీ, రంగు కలవనివీ, కొనేవాళ్ళు వద్దని వదిలేసినవీ అన్నీ తెచ్చి ఇంటి ముందు వాకిలంతా పరిపించాడు. అందుకని ఒక బండ నల్లగా ఉంటే పక్కది బూడిదరంగులో, దాని పక్కది కాస్త పసుపుగా ఉంటుంది. పరిచిన మేస్త్రీ మాత్రం పనిమంతుడు. అన్నీ చదరాలే, మధ్యలో తీరుగా సిమెంటు గీతలు. చుట్టూ ఎత్తు ప్రహరీ, ముందు ఇనప గేటు. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఇంటి నీడ వాకిట్లో సగం దాకా వస్తుంది. పొద్దుటి ఎండకి కాగిన బండలు అప్పటికి గోరువెచ్చగా ఉండేవి. ఉత్త కాళ్ళతో నడిస్తే ప్రాణానికి హాయిగా ఉండేది.

బావా, వాళ్ళబ్బాయీ పొద్దున్నే యూనిట్టుకి వెళితే చీకటి పడ్డాకే రావడం. పగలు ఇంట్లో ఉండేది అక్కా, కోడలూ. కోడలు ఇంట్లోంచే కంప్యూటర్లో ఉద్యోగం చేస్తుంది. అది ఏం ఉద్యోగమో మా అక్కకి ఇప్పటికీ తెలియదు. ఎవరన్నా అడిగితే, "ఎవరో తెల్లోళ్ళతో పోట్లాడిద్ది, నెలకాగానే జీతమేస్తారు" అంటుంది. వీళ్ళు కాక ఎదురింటి వదిన. వరసకి ఏమీ కాదు, ఎదురింట్లో ఉన్నందుకు వదిన అయింది. మిర్చి వేస్తారు వాళ్ళు. చేలో కూలీల్ని కేకేసి కేకేసి ఆవిడ గొంతు అలా స్థిరపడిపోయింది. ఆవిడ చెవిలో రహస్యం చెబితే వీధి మొదట్లో ఉన్న కిరాణా కొట్టు దాకా వినపడుతుంది.

మొదట్లో నేను వాకిట్లో కుర్చీ వేసుకుని ఊరికే కూర్చునేదాన్ని. చూడ్డానికి వచ్చినవాళ్ళు చెయ్యి పట్టుకుని, "ఎంత పని జరిగిపోయింది తల్లీ" అని, కాఫీ తాగి వెళ్ళేవాళ్ళు. ఒకరోజు అన్నాలయ్యాక అక్క వాకిలి ఊడుస్తుంటే, బావ బండిలోంచి రాలిన రాతిముక్క ఒకటి చీపురుకి తగిలింది. అరచేతిలో ఇమిడే పలుచటి పలక. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమే, ఈడ నిలబడి ఏస్తే మూడో బండలో పడుద్దా?" అంది. పడదన్నాను. వేసింది, పడింది. "తూచ్, గీత మీద పడింది" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలియదు. చిన్నప్పటి పరికిణీలతో పాటే పోయిందనుకున్న మాట అది. అక్క చీపురు పక్కన పడేసి, నడుం మీద చెయ్యి పెట్టుకుని, "యాడ పడిందే గీత మీద? కళ్ళు పొయ్యినయ్యా?" అని అరిచింది. కోడలు కంప్యూటరు వదిలేసి బయటికొచ్చింది. ఎదురింటి వదిన గేటు తోసుకుని, "ఏందదినా, ఏం జరిగింది?" అంటూ వచ్చేసింది. గేటుకి గడియ పెట్టారు. అలా మొదలైంది.

ఇక్కడ మా అక్క సంగతి కొంత చెప్పాలి. మాచవరం పక్కన పల్లెలో మేం పెరిగినప్పుడు ఆటల్లో దానంత రాక్షసి మరొకతె లేదు. నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. చెల్లెలు కదా అని ఒక్కనాడు గీత కాస్త చూసీచూడనట్టు వదిలింది లేదు. జ్వరం తగ్గి లేచిన రోజున నేను రెండో గడిలోనే కాలు దించితే, "అవుట్, పో అవతలికి" అంది. నేను ఏడుస్తూ ఇంట్లోకి వెళ్ళాను. మా అమ్మ బయటికొచ్చి, "చిన్నపిల్ల, దాన్ని అరటిపండు చేసుకోండే" అని చెప్పింది. పిల్లల ఆటల్లో అరటిపండు అంటే ఏమిటో తెలియనివాళ్ళు ఉండరు గానీ, ఆ ఉద్యోగం చెయ్యనివాళ్ళకి దాని లోతు తెలియదు. అరటిపండు అవుట్ అవదు, దొంగ అవదు. పరిగెడుతుంది, అరుస్తుంది, చెమటలు కక్కుతుంది, ఆడుతున్నాననే అనుకుంటుంది. అది లెక్కలో లేదన్న సంగతి దానికి తప్ప అందరికీ తెలుసు. మా అమ్మ అలా అనగానే అక్క ఏమందో నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "ఆడితే ఆటగా ఆడమను, లేకపోతే అరుగు మీద కూచోమను. నాకాడ అరటిపండ్లు లేవు" అంది.

ఆ మాటకి నాకు దాని మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అప్పుడొచ్చిన కోపం పరికిణీ పోయి ఓణీ వచ్చినా, ఓణీ పోయి పెళ్ళి చీర వచ్చినా పోలేదు. చెల్లెల్ని ఒక్కసారి కూడా గెలవనివ్వని అక్కా ఒక అక్కేనా అనుకునేదాన్ని. ఆ తర్వాత సంసారంలో పడ్డాక, అత్తగారూ, ఆడపడుచులూ, చివరికి మా ఆయన కూడా "నీకు తెలియదులే", "నువ్వు ఊరుకో" అని ప్రేమగానే పక్కన కూర్చోబెట్టాక, ఎప్పుడో మెల్లిగా తట్టింది. చిన్నప్పుడు నన్ను మనిషిగా లెక్కలో వేసి, నాతో నిజంగా ఆడినది ఈ భూమ్మీద మా అక్క ఒక్కతే. ఆ సంగతి తెలిసేసరికి ఇద్దరికీ తలలు నెరిశాయి. ఆ చలికాలంలో మళ్ళీ దానితో ఆటకి దిగినప్పుడు నాకు అంత సంతోషం ఎందుకు కలిగిందో ఇప్పుడు అర్థమవుతుందనుకుంటాను.

మొదటి రోజు రెండో గడిలోనే గీత తొక్కాను. అక్క మామూలుగానే "అవుట్" అంది. నేను ప్రహరీకి ఆనుకుని కూర్చుని ఏడవడం మొదలుపెట్టాను, చాలాసేపు ఏడిచాను. మా ఆయన కోసమా, ఆట పోయినందుకా అంటే ఏం చెప్పను? ఏడుపుకి ఫలానా దానికని విడివిడి పద్దులుండవు. కోడలు మంచినీళ్ళు తెచ్చింది. వదిన, గొంతు తగ్గించలేని ఆవిడ కూడా, ఏమీ మాట్లాడకుండా నా వీపు రాసింది. మర్నాడు మళ్ళీ ఆడదామని నేనే అడిగాను.

ఆ మర్నాడు నేను గెలిచాను. ఆ పై రోజూ గెలిచాను. ఓడినవాళ్ళు టీ పెట్టాలని పందెం పెట్టుకున్నాం, నేను పొయ్యి దగ్గరికి వెళ్ళాల్సిన అవసరమే రాలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, ఒంటికాలి మీద గెంతుతూ, బిళ్ళని బొటనవేలితో ఒక్కొక్క గడి దాటిస్తుంటే, యాభై దాటిన ఈ ఒంట్లో ఇంత తేలిక ఎక్కడ దాక్కుందా అనిపించేది. ఓడినవాళ్ళని వెక్కిరించడం మళ్ళీ నేర్చుకున్నాను. అక్క గీత తొక్కితే చప్పట్లు కొట్టి, "ముసలిదానివైపోయావే" అనేదాన్ని. అది "పోవే" అని నవ్వుతూ టీ పెట్టడానికి వెళ్ళేది. ఎప్పుడూ గొడవ లేదు, పేచీ లేదు. వయసొచ్చాక మా అక్క ఎంత నెమ్మదైపోయిందో అని మురిసిపోయాను కూడా. ఎంత వెర్రిదాన్ని!

నా వెర్రి అక్కడితో ఆగలేదు. చీర అడ్డమొస్తోందని కోడల్ని వెంటబెట్టుకుని బజారుకెళ్ళి రెండు చుడీదార్లు కొన్నాను. కొట్టతను "అమ్మాయికా అమ్మా?" అంటే అవునన్నాను. "అమ్మాయి కాస్త పుష్టిగా ఉండిద్దా?" అన్నాడు. దానికీ అవునన్నాను. కోడలు దుపట్టా నోట్లో కుక్కుకుని రోడ్డు మీదికి పరిగెత్తింది. పొద్దున్నే ఎవరూ లేవకముందు ఆ చుడీదారు వేసుకుని వాకిట్లో ఒక్కదాన్నే సాధన చేసేదాన్ని. ఒకరోజు బావ పళ్ళు తోముకోవడానికి బయటికొచ్చి, గాల్లో ఉన్న మరదల్ని చూశాడు. పాపం పెద్దమనిషి, గౌరవంగా గోడ వైపు తిరిగి, నేను లోపలికి వెళ్ళేదాకా ఆ గోడనే చూస్తూ పళ్ళు తోముకున్నాడు. కూతురు ఫోన్ చేసి, "అమ్మా, నీ గొంతు మారింది. బాగున్నావు కదూ?" అంది. బాగున్నానన్నాను. నిజంగానే బాగున్నాను. అన్నం సయించేది, నిద్ర పట్టేది. మా ఆయన ఫొటో చూసి కూడా, "ఇవాళ మీ వదినగారు మళ్ళీ ఓడిపోయింది" అని చెప్పుకునేదాన్ని.

తొక్కుడుబిళ్ళలో ఆఖరి అంకం ఒకటి ఉంది. గడులన్నీ దాటించాక, బిళ్ళ నుదుటి మీద పెట్టుకుని, తల పైకెత్తి, కింద ఏమీ చూడకుండా గడి గడికీ అడుగు వేస్తూ నడవాలి. అడుగు వేసినప్పుడల్లా "రైటా?" అని అడగాలి. కాలు గడిలో ఉంటే తతిమ్మావాళ్ళు "రైట్" అంటారు, గీత మీద పడితే "తప్పు" అంటారు. మన కాలు ఎక్కడుందో మనకి కనపడదు, అవతలివాళ్ళ మాటే మనకి కళ్ళు. చలికాలపు ఆకాశాన్ని చూస్తూ, నుదుటి మీద చల్లటి నాపరాయి పెట్టుకుని, "రైటా? రైటా?" అంటూ నేను నడుస్తుంటే మూడు గొంతులు ఒకేసారి "రైట్" అనేవి. అన్నిటికన్నా పెద్దగా మా అక్క గొంతు వినపడేది. ఆ మూడు నెలల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. ఒక్కసారన్నా తప్పు పడలేదు నాకు.

మాఘమాసంలో ఒకరోజు తలనొప్పిగా ఉందని మాత్ర వేసుకుని మధ్యాహ్నం పడుకున్నాను. మెలకువ వచ్చేసరికి బయట గోలగోలగా ఉంది. ఎవరో కొట్టుకుంటున్నారనుకుని కంగారుగా లేచి కిటికీ కర్టెన్ తప్పించాను. వాకిట్లో వాళ్ళు ముగ్గురూ ఆడుతున్నారు. ఆడుతున్నారంటే ఏం చెప్పను! అక్క కొంగు నడుముకి బిగించి, ఒంటికాలి మీద గడి తర్వాత గడి ఒక్క గీతా తగలకుండా ఎగురుతోంది. నేను చూస్తున్నది నాతో రోజూ ఓడిపోయి టీ పెట్టే మనిషిని కాదు, మాచవరం పక్కన పల్లెలో నేను భయపడిన మనిషిని. వదిన గీతల దగ్గర వంగి నేల చూస్తూ, "తొక్కావ్, తొక్కావ్" అని అరుస్తోంది. "యాడ తొక్కానే దొంగమొహమా" అని అక్క మీదికి పోతోంది. కోడలు నుదుటి మీద బిళ్ళ పెట్టుకుని "రైటా?" అనగానే ఇద్దరూ ఒక్కసారి "తప్పు!" అని కేకేశారు. అది "అన్యాయం అత్తయ్యా" అని కాళ్ళు నేలకేసి కొట్టింది. ముగ్గురూ నవ్వి నవ్వి బండల మీద కూలబడ్డారు. అక్క కళ్ళు తుడుచుకుంటోంది. నాతో ఆడినప్పుడు అది ఒక్కనాడూ అలా నవ్వలేదని అప్పుడు గమనించాను.

అప్పటికీ నాకు అర్థం కాలేదు. నేనూ వెళ్ళి కలుద్దామని చుడీదారు కోసం చూస్తున్నాను కూడా. ఈలోగా వదిన, "చెల్లెల్ని పిలుద్దామా? ఒకత్తే పడుకుందిగా పాపం" అంది తన రహస్యపు గొంతుతో. అక్క, "వద్దొద్దు, లేపమాక. అది వచ్చిందంటే మళ్ళా అరటిపండాట ఆడాల. ఈ ఒక్క పూటన్నా సరిగ్గా ఆడుకుందాం" అంది. కోడలు నవ్వుతూ, "మొన్న చిన్నత్తయ్య సరిగ్గా గీత మీద నిలబడి రైటా అంటే, మీరు గిల్లకపోతే నవ్వేసేదాన్ని అత్తయ్యా" అంది.

కర్టెన్ వదిలేసి మంచం మీద కూర్చున్నాను. మా ఆయన పోయి నలుగురూ జాలిగా చూసినప్పుడు కూడా నాకు అంత సిగ్గు వేయలేదు. అది దుఃఖం, దానికో మర్యాద ఉంది. ఇది వేరు. చుడీదార్లు, పొద్దుటి సాధన, చప్పట్లు, "ముసలిదానివైపోయావే" అన్న నా వెక్కిరింపులు అన్నీ వరసపెట్టి గుర్తొచ్చాయి. కోడలు దుపట్టా నోట్లో కుక్కుకున్నది ఆ ఒక్కరోజేనా? నేను లోపలికి వెళ్ళాక రోజూ నవ్వుకునేవాళ్ళా? ముగ్గురూ కలిసి, ఇవాళ ఎవరు ఓడిపోవాలో ముందే అనుకుని బయటికొచ్చేవాళ్ళా? వదిన మీదా, కోడలి మీదా నాకు కోపం రాలేదు. వాళ్ళు నన్ను దగ్గరగా చూసిందే ఏడుపు మొహంతో. అక్కకేమైంది? మా అమ్మ బతిమాలినా ఒప్పుకోని మనిషి, నాకు మొగుడు పోగానే నన్ను అరటిపండుని చేసేసింది.

మర్నాడు మూడింటికి ఏమీ ఎరగనట్టే ఆటకి దిగాను. వాళ్ళు ముచ్చటగా ఒకరి తర్వాత ఒకరు ఓడిపోయారు. నా వంతు ఆఖరి అంకం దాకా వచ్చింది. నుదుటి మీద బిళ్ళ పెట్టుకుని తల పైకెత్తాను. రెండడుగులు సవ్యంగా వేసి, మూడో అడుగు దగ్గర కావాలని కాలితో తడిమి, సిమెంటు గీత గరుకు తెలిసేలా రెండు పాదాలూ దాని మీదే పెట్టి నిలబడ్డాను. "రైటా?" అన్నాను. తప్పు అను అక్కా, తప్పు అను, అనుకుంటున్నాను లోపల. ఆ ఒక్కమాట అంటే మిగతావన్నీ మర్చిపోయేదాన్ని, ఒట్టు. అక్క గొంతు సవరించుకుని, "రైట్" అంది.

తల దించాను, బిళ్ళ బండ మీద పడింది. నా పాదాలు చూపించి, "ఇదా రైటు?" అన్నాను. కోడలు మెల్లిగా లోపలికి వెళ్ళిపోయింది. వదిన గేటు గడియ తీసుకుని వెళ్ళింది, చప్పుడు కాకుండా. అక్క అక్కడే నిలబడింది.

"నిన్న అంతా విన్నా" అన్నాను.

"వింటే విన్నావులే. ఇప్పుడేంది?" అంది.

"నన్ను అరటిపండుని చేస్తావా?"

"మరేం జెయ్యమంటావే? ఇల్లూ వాకిలీ పోయినదాని మాదిరి గోడకానుకొని గంటసేపు ఏడిచావు, ఒక్క అవుట్ కి. రోజూ ఏడిపించమంటావా నిన్ను?"

"ఏడవనివ్వాల్సింది."

"చెప్పొచ్చావులే. మూడు నెల్లు నవ్వావా లేదా?"

"నవ్వాను."

"కడుపునిండా తిన్నావా లేదా?"

"తిన్నాను."

"మరింకేంది నీ గొడవ?" అంది. నిజంగానే దానికి అర్థం కాలేదు. అదే నాకు ఇంకా మండింది.

"నేను ఒక్కదాన్నే నవ్వాను. నువ్వు నాతో ఆడలేదు అక్కా, నాకు సేవ చేశావు. వచ్చినోళ్ళంతా చెయ్యి పట్టుకుని పాపం అని పోయారు. నువ్వొక్కదానివే పాపం అనలేదనుకున్నా. నువ్వేమో రోజూ ఒంటికాలి మీద గెంతుతా గెంతుతా పాపం అన్నావు" అన్నాను. నాకు తెలియకుండానే నా మాటలో కూడా ఊరి యాస వచ్చేసింది. అక్క మొహం అటు తిప్పుకుంది. కాసేపయ్యాక కొంగు నడుముకి బిగించి, బిళ్ళ తీసింది. "సరే రా. ఆడతా. నీ ముక్కు నేలకి రాయిస్తా" అంది.

ఆడింది. మొదటి మూడు గడులు పాత అక్కే ఆడింది, కళ్ళల్లో ఆ పాత కసి కూడా కనపడింది. నా గుండె ఎంత సంబరంగా కొట్టుకుందో. గీతల దగ్గర వంగి, ఎక్కడ తొక్కుతుందా అని ఆశగా చూస్తున్నాను. నాలుగో గడిలో ఒంటికాలి మీద ఆగి, ఊపిరి తీసుకోవడానికి తల ఎత్తి, నా వంక చూసింది. నా మెడ వంక కూడా చూసింది, నల్లపూసలు లేని మెడ. రెండో కాలు మెల్లిగా కింద పెట్టేసింది. "నా వల్ల కాదే చిన్నదానా. నీ మొహం చూస్తా ఆడలేను" అంది. బిళ్ళ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళింది. టీ పెట్టిన వాసన వచ్చింది కాసేపటికి.

ఆ వారంలోనే నరసరావుపేట వచ్చేశాను. ఇల్లు తాళం తీసి, దుమ్ము దులిపి, కొట్టు అద్దెకిచ్చి, నా బతుకు నేను సర్దుకున్నాను. చుడీదార్లు పనిమనిషి కూతురికి ఇచ్చేశాను. ఆ పిల్ల పుష్టిగా లేదు, కుట్టించుకుని వేసుకుంటోంది. అక్క ఫోన్ చేస్తుంది, నేనూ చేస్తాను, పండగలకి రాకపోకలున్నాయి. చూసేవాళ్ళు అక్కాచెల్లెళ్ళంటే వాళ్ళేనంటారు. అక్క ఆటలు ఆడి మోకాళ్ళు అరగదీసుకుందని బావ విసుక్కుంటాడు. డాక్టరు కింద కూర్చోవద్దన్నాడు, గెంతడం మాట ఇక అడగనే అక్కర్లేదు. అక్క నాకు నిజం ఆట ఒక్కటి బాకీ ఉందని, ఎప్పటికైనా రాబట్టుకుందామనుకున్నాను. ఆ బాకీ ఇక తీరదు.

ఆపరేషన్ తర్వాత కాలక్షేపానికి మధ్యాహ్నాలు బల్ల మీద అష్టాచెమ్మా ఆడుతున్నాం. గవ్వలు వేసేది అదృష్టం కాబట్టి ఇందులో ఎవరి దయా ఉండదని నేనే ఈ ఆట పెట్టాను. నిన్న నా కాయ పండడానికి ఇంకా నాలుగు గడులున్నాయి. అక్క గవ్వలు వేస్తే, సరిగ్గా నా కాయని చంపడానికి సరిపోయే లెక్క పడింది. అది దాన్ని వదిలేసి, ఎక్కడో మూలనున్న ఇంకో కాయ జరిపింది. "చంపవేం?" అన్నాను. "అయ్యో, చూళ్ళేదే. కళ్ళజోడు లేదు" అని బల్లంతా తడుముకుంది. కళ్ళజోడు నిజంగానే లేదు, టీవీ మీద ఉంది. దాని మొహంలోకి చాలాసేపు చూశాను. చూడక వదిలేసిందో, చూసే వదిలేసిందో నాకు తెలియలేదు. ఇంక ఎప్పటికీ తెలియదు కూడా. తర్వాత నేనే గెలిచాను. "గెలిచావే!" అంది ముసిముసిగా నవ్వుతూ. కాయలు డబ్బాలో వేసి మూత పెట్టాను.

నన్ను గెలవనివ్వలేదని చిన్నప్పుడు మా అక్క మీద పెట్టుకున్న కోపం పోవడానికి నాకు నలభై ఏళ్ళు పట్టింది. గెలవనిచ్చినందుకు వచ్చిన ఈ కోపం పోవడానికీ అంతే పడుతుందేమో. అంత కాలం మా ఇద్దరి దగ్గరా లేదు.